నాలుగో లైను

ముందు నీళ్ళు.
ఏ డబ్బా వెనక చదివినా మొదటి మాట అదే.
షార్త్ర్ పొలిమేరలో, గోధుమ చేల నడుమ
మా ఫ్యాక్టరీకి కూడా నీళ్ళతోనే తెల్లారుతుంది.
రెండు టన్నుల తొట్టి. అడుగున ఆవిరి.
గ్లిజరిన్, మైనం, కొబ్బరి నుంచి తీసిన ఏదో జిగురు,
చివర్లో ఒక చిటికెడు
పేరు నిండా గీతలూ అంకెలూ ఉన్న తెల్లపొడి.
దాన్ని తూచేటప్పుడు మాత్రం
కెమిస్టు బెర్త్‌లో తలుపు వేసుకుంటాడు.

ఆరు నుంచి పదిదాకా
ఆ తొట్టిలోది ట్యూబుల్లోకి పోతుంది. తొమ్మిది యూరోలు.
పదింటికి గొట్టాలు కడుగుతాం, టోపీలు మార్చుకుంటాం.
అదే తొట్టి.
కాస్త గులాబీ వాసన, ఆ పొడి ఇంకో చిటికెడు,
పదిన్నర నుంచి గాజు భరిణెల్లోకి.
మూడువందల నలభై.
మొహం చూసి బొట్టు పెట్టినట్టు
భరిణె చూసి ధర.
ఖాళీ భరిణెను తూచాను ఒకసారి:
లోపలికి పోయేదానికి నాలుగింతలు బరువు.

ఇందులో దాపరికమేం లేదు. అడిగితే చెప్తాను.
మా ఆడపడుచు క్లోతిల్ద్ అడిగింది,
"నిజంగా పనిచేస్తుందా అది?"
"తొమ్మిది యూరోలకి క్రీము పనిచేస్తుంది,
మిగతా మూడువందల ముప్పై ఒకటికి
గాజు పనిచేస్తుంది" అన్నాను.
భోజనాల బల్ల మొత్తం నవ్వింది.
ఆ రోజంతా ఏదో నెగ్గినట్టు తిరిగాను.

సొలాంజ్ నా ఎడమ పక్కన నిలబడేది.
నిలబడేదనే అంటున్నాను, మా లైనుకి కుర్చీల్లేవు.
ముప్పై ఒక్క ఏళ్ళు మూతలు బిగించింది.
పావు తిప్పు, ఇంకో పావు, చాలు.
షిఫ్టు దిగేముందు గరిటెకి అంటింది గీకి
మోచేతులకి పులుముకునేది,
సూపర్‌వైజరు కిటికీలోంచి వానను చూసేవాడు,
వాన లేకపోయినా.
దున్నిన చేను లాంటి మొహం,
దానికింద పదహారేళ్ళ మోచేతులు!
"ఎవరు చూస్తారే వీటిని?" అని నవ్వేది.

ఏటా డిసెంబరులో
లేబుల్ వంకరపోయిన భరిణెలు మాకు అమ్ముతారు, పదోవంతు ధరకి.
తను ఒక్కటీ కొనలేదు.
"లేబులే కదా వంకర, లోపలిది కాదుగా" అంటే
"తెలుసు. అందుకే" అనేది.

రిటైరైన శుక్రవారం కేకు కోశాం, సూట్‌కేసు ఇచ్చాం.
సోమవారం పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకుని
పారిస్ రైలెక్కి,
పెద్ద దుకాణంలో, నిండు ధర పోసి,
ఒక భరిణె కొనుక్కొచ్చింది.
వంటింట్లో, ఆవపచ్చడి సీసాకీ బీపీ మాత్రలకీ మధ్య
దాన్ని చూసేసరికి
నా జేబు ఎవరో కొట్టినంత కోపం వచ్చింది నాకు.
"మతిపోయిందా? మూడు నెలల గ్యాసు బిల్లు!"

"అక్కడి పిల్ల, యుజెనీ అట,
కూర్చోండి మేడమ్ అంది."

ఇంకేదో చెబుతుందని ఆగాను.

"ఎత్తు కుర్చీ. నడుముకి ఆనింది.
దీపం తగ్గించి, అద్దం నావైపు తిప్పి,
రెండు వేళ్ళతో ఇదిగో, ఇక్కడ, కళ్ళకింద.
ఎక్కడా తొందర లేదు.
ఏం పని చేసేవారు అంది.
మూతలు బిగించేదాన్నన్నాను.
ఏ మూతలని తను అడగలేదు,
నేనూ చెప్పలేదు."

అలవాటు ఊరుకోదు. భరిణె తిరగేశాను.
వారం, నాలుగో లైను, పొద్దుటి షిఫ్టు.
"సొలాంజ్, ఇది మన..."
"రైల్లోనే చూశాలే."
మూత రాదే! కొంగున పట్టినా, గట్టిగా తిప్పినా.
"పావు తిప్పు ఎక్కువ బిగించావు" అన్నాను.
"నేనా? నడుం నొప్పని సెలవులో ఉన్నా ఆ వారం.
నా చోట ఉన్నది నువ్వే."

వేడినీళ్ళ కింద పెట్టి తీసింది చివరికి.
కుర్చీ ఇటు లాగింది.
"కూర్చో."
తెల్లారి ఆరింటికి షిఫ్టు నాకు. కోటు కూడా విప్పలేదు.
కూర్చున్నాను.
చల్లగా తగిలింది.
రోజూ సాయంత్రం జుట్టులోంచి
రెండుసార్లు రుద్ది వదిలించుకునే వాసనే అది.